98.6 ఒక్కటే గీత కాదు: ఒంటి వేడిని కొలిచి జ్వరాన్ని సరిగ్గా గుర్తుపట్టడం ఎలా?

సాయంత్రం అయిదింటికి థర్మామీటర్ 99.3 చూపించిందంటే చాలా ఇళ్లలో వెంటనే మాత్ర చేతికొస్తుంది. అదే మనిషికి తెల్లవారుజామున అయిదింటికి 99.3 ఉంటే "కాస్త వెచ్చగా ఉందంతే, పడుకో" అంటారు. నిజానికి మొదటిది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనిపించే అంకె. పట్టించుకోవాల్సింది రెండోదాన్ని. అంకె ఒకటే, వేళ వేరు. ఒంటి వేడి విషయంలో మనం చేసే పొరపాట్లలో సగం ఇక్కడే ఉన్నాయి: అంకె చూస్తాం కానీ అది ఏ వేళ, ఎక్కడ పెట్టి, ఎవరికి తీసిందో చూడం.

అందుకే ఒంట్లో బాగున్నప్పటి నుంచే మొదలుపెట్టి, జ్వరం వచ్చిన రోజున ఏం చేయాలో దాకా వరసగా చెబుతాను. వేరే మాట చెప్పనంతవరకు ఇక్కడి అంకెలన్నీ ఫారన్‌హీట్‌లోనే. మీ థర్మామీటర్ సెల్సియస్‌దైతే నాలుగు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది: 37 అంటే 98.6, 37.8 అంటే 100, 38 అంటే 100.4, 40 అంటే 104.

98.6 ఎక్కడి నుంచి వచ్చింది?

జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్‌లిష్ అనే డాక్టరు దాదాపు 25 వేల మంది రోగుల చంకల్లో థర్మామీటర్ పెట్టి తీసిన అంకెలను 1868లో పుస్తకంగా తెచ్చాడు. 37 సెల్సియస్ మామూలు అన్న మాట అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. ఒంటి వేడి రోజంతా ఒకేలా ఉండదని, పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ అని ఆయనే రాశాడు. లోకం మాత్రం ఆ ఒక్క అంకెనే పట్టుకుంది.

1992లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఫిలిప్ మాకోవియాక్ బృందం ఆరోగ్యంగా ఉన్న 148 మందికి నోట్లో థర్మామీటర్ పెట్టి రోజులో చాలాసార్లు కొలిచింది. సగటు 98.2 తేలింది. తీసిన 700 అంకెల్లో సరిగ్గా 98.6 వచ్చినవి నూటికి ఎనిమిదే. ఆరోగ్యవంతుల్లో పొద్దున ఆరింటికి పై హద్దు 98.9 అయితే, సాయంత్రానికి అది 99.9 దాకా వెళ్లింది. మొదట్లో చెప్పిన రెండు 99.3లకూ తేడా ఇదే.

మొదటి అడుగు: ఇంట్లో ఏ థర్మామీటర్ ఉండాలి?

కొసన లోహపు మొన ఉన్న మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. మందుల షాపుల్లో అన్నిటికన్నా చవకగా దొరికేది కూడా దాదాపు అదే. బ్యాటరీ అయిపోవస్తే అంకెలు మసకబారతాయి, అప్పుడు దాని మాట నమ్మకండి.

పాదరసం గాజు థర్మామీటర్ కచ్చితంగానే చూపిస్తుంది, కానీ పగిలితే ప్రమాదం. కింద పడి పగిలితే పిల్లల్ని గదిలోంచి పంపేసి, కిటికీలు తీసి, చేత్తో ముట్టుకోకుండా గట్టి కాగితంతో ఆ పూసల్ని ఒకచోటికి తోసి సీసాలో పెట్టి మూత బిగించాలి. చీపురుతో ఊడిస్తే చిన్న చిన్న పూసలుగా విడిపోయి ఇంకా పాకుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకూడదు. పాత థర్మామీటర్ ఇంకా వాడుతుంటే, పెట్టేముందు మణికట్టుతో గట్టిగా విదిలించి పాదరసం గీతను 96 కిందికి దించాలి. ఈ పని మరిచిపోతే అది చూపించేది నిన్నటి జ్వరాన్ని.

నుదుటి ముందు పెట్టే గన్ కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చింది. చంటిపిల్లలు నిద్రపోతున్నప్పుడు చూడటానికి బాగుంటుంది. కానీ అది చర్మం మీది వేడినే చదువుతుంది. నుదురు చెమటతో తడిగా ఉన్నా, ఎండలోంచి అప్పుడే లోపలికొచ్చినా, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగులుతున్నా తప్పు చెబుతుంది. మనిషిని చూస్తే జ్వరంలా ఉండి గన్ 97 అంటుంటే గన్‌ను పక్కన పెట్టి డిజిటల్‌తో చూడండి.

ఇక చేత్తో నుదురు పట్టుకుని చూడటం. అమ్మల చేతికి ఒళ్లు కాలుతోందని తెలుస్తుంది, అది నిజమే. ఎంత కాలుతోందో మాత్రం తెలియదు. పైగా మన చేయి అప్పుడే గిన్నెలు కడిగి చల్లబడి ఉంటే ఎదుటివాళ్ల ఒళ్లు మామూలుగా ఉన్నా వేడిగానే తగులుతుంది. చేయి చెప్పింది విని థర్మామీటర్ తీయండి, మాత్ర కాదు.

రెండో అడుగు: సరిగ్గా పెట్టడం

నోట్లో పెట్టేటప్పుడు మొన నాలుక కింద, మధ్యలో కాకుండా ఒక పక్కగా వెనక్కి వెళ్లాలి. పెదవులు మూసి ముక్కుతో గాలి పీల్చాలి. కాఫీ, టీ, చల్లటి నీళ్లు ఏది తాగినా అరగంట ఆగాలి. జ్వరమేమోనని వేడి కాఫీ తాగిన అయిదు నిమిషాలకే చూసుకునేవాళ్లు బోలెడుమంది. అప్పుడు థర్మామీటర్ చదివేది కాఫీని. జలుబుతో ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీలుస్తుంటే నోటి అంకె తక్కువ వస్తుంది, అప్పుడు చంకే మేలు. అయిదేళ్ల లోపు పిల్లలకు నోట్లో పెట్టొద్దు, కొరికేస్తారు.

చంకలో పెట్టేటప్పుడు ముందు చెమట తుడవండి, గట్టిగా రుద్దకుండా అద్దినట్టు. చేయి రెండు నిమిషాలు ఒంటికి ఆనించి ఉంచాక, మొన సరిగ్గా చంక గుంటలో పడేలా పెట్టి, చేయి మడిచి ఎదుటి భుజం మీద వేయించండి. బనీను గుడ్డ మధ్యలో రాకూడదు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వాళ్ల చేతిని మన చేత్తో పట్టి ఉంచాలి. పాదరసానిదైతే నోట్లో మూడు నిమిషాలు, చంకలో అయిదు నిమిషాలు. డిజిటల్‌ది బీప్ అనేదాకా.

చంకలో అంకె నోటి అంకెకన్నా అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా తక్కువ వస్తుంది. అందుకని చాలామంది "ఒకటి కలుపుకోవాలి" అంటారు. కలపకండి. తేడా అందరిలోనూ ఒకేలా ఉండదు. ఒకరు కలిపి చెప్పి, విన్న డాక్టరు మళ్లీ కలుపుకుంటే లేని జ్వరం పుట్టుకొస్తుంది. "చంకలో 100.2" అని ఉన్నదున్నట్టు చెబితే చాలు. అలాగే ఒకసారి నోట్లో, ఇంకోసారి చంకలో తీసి "తగ్గింది" అనుకోవద్దు. ఏ చోట మొదలుపెట్టారో జ్వరం పోయేదాకా అక్కడే కొలవండి.

మూడో అడుగు: బాగున్నప్పుడు కొలిచి పెట్టుకోండి

ఎవరూ చేయనిది, అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఇంట్లో అందరూ కులాసాగా ఉన్న వారంలో ఒక నాలుగైదు రోజులు, పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం నాలుగు, ఆరు మధ్య ఒకసారి కొలవండి. క్యాలెండర్ వెనకైనా సరే ఇలా రాయండి:

అమ్మమ్మ, పొద్దున 6, చంకలో, 96.6
అమ్మమ్మ, సాయంత్రం 5, చంకలో, 97.3
బాబు, పొద్దున 7, చంకలో, 97.7
బాబు, సాయంత్రం 5, ఆడుకుని వచ్చి అరగంట కూర్చున్నాక, చంకలో, 98.8

ఈ నాలుగు వరసలు చూడండి. బాబుకు 99 వచ్చినా కంగారు అక్కర్లేదు. అమ్మమ్మకు అదే 99 వస్తే తన మామూలు కన్నా దాదాపు రెండు డిగ్రీలు ఎక్కింది. ఏ పుస్తకమూ చెప్పలేని సంగతి ఇది, మీ ఇంటి కాగితమే చెబుతుంది.

ఒంటి వేడి తెల్లవారుజామున నాలుగు, ఆరు గంటల మధ్య అడుగుకు చేరి, సాయంత్రం పైకెక్కుతుంది. తేడా సుమారుగా ఒక డిగ్రీ. రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునేవాళ్లలో కొన్నాళ్లకు ఈ వేళలు కూడా జరుగుతాయి, వాళ్లు నిద్రలేచిన వేళను పొద్దుగా లెక్క వేసుకోవాలి. నెలసరి వచ్చే ఆడవాళ్లలో అండం విడుదలయ్యాక అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా పెరిగి, మళ్లీ నెలసరి వచ్చేదాకా అలాగే ఉంటుంది. గర్భం నిలిస్తే ఆ వేడి దిగదు. "నెలలో సగం రోజులు నాకు లోజ్వరం ఉంటోంది" అని ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి. వ్యాయామం, వేడినీళ్ల స్నానం, కడుపునిండా భోజనం, ఎండలో నడక, చంటిబిడ్డకు రెండు మూడు దుప్పట్లు చుట్టడం, ఇవన్నీ కాసేపు అంకెను పెంచేవే. అరగంట ఆగి మళ్లీ చూడండి.

నాలుగో అడుగు: ఎక్కడి నుంచి జ్వరం అనాలి?

100.4 నుంచి జ్వరం అని డాక్టర్లలో ఎక్కువమంది లెక్క. 99 నుంచి 100.3 వరకు ఉన్నదాన్ని మన ఇళ్లలో లోజ్వరం అంటాం. ఆ మధ్య అంకెల్ని వేళతో కలిపి చదవాలి: పొద్దున్నే 99 దాటితే ఏదో మొదలవుతోందని అనుమానించి నాలుగు గంటలకోసారి చూడండి. సాయంత్రం 99.4 ఉండి మనిషి హుషారుగా ఉంటే వదిలేయండి.

అలాగని సాయంత్రపు వేడినంతా వదిలేయమని కాదు. రెండు వారాలకు మించి దగ్గు, రోజూ సాయంత్రం ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కలిస్తే క్షయ ఉందేమో చూపించుకోవాలి. కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

వయసును బట్టి గీత మారుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 వచ్చిందంటే ఆడుకుంటున్నా, పాలు తాగుతున్నా సరే, ఇంట్లో మందు వేయకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసిగుడ్డుకు చంకలో 97.7 నుంచి 99.5 మామూలు. అంతకన్నా తగ్గి, తల్లి గుండెకు ఆనించుకుని పైన దుప్పటి కప్పినా వెచ్చబడకపోతే అదీ ప్రమాదమే. అంత చిన్న ఒంట్లో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి వేడిగా కాక చల్లదనంగా బయటపడుతుంది.

పెద్దవాళ్ల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్ల ఒంటి వేడి మామూలుగానే తక్కువ. న్యుమోనియా ముదిరినా 100 దాటకపోవచ్చు. వాళ్లలో నోట్లో 100 దాటినా, తమ మామూలు కన్నా రెండు డిగ్రీలు పెరిగినా జ్వరంగానే తీసుకోవాలి. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఈరోజు పేర్లు తడబడుతుంటే, అన్నం ముద్ద వద్దంటుంటే, బాత్రూమ్‌కి వెళ్తూ తూలిపడితే, థర్మామీటర్ 98 అన్నా సరే డాక్టరుకు చూపించండి. "వయసైపోయింది కదా" అని సరిపెట్టుకోకండి.

క్యాన్సర్‌కు కీమో మందులు తీసుకుంటున్నవాళ్లకు 100.4 కనిపిస్తే తెల్లారేదాకా ఆగడం ఉండదు. ఆ గంటలోనే ఆసుపత్రి. స్టెరాయిడ్లు వాడేవాళ్లలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం అణిగి ఉండొచ్చు.

ఐదో అడుగు: వేడి లోపలి నుంచా, బయటి నుంచా?

మెదడులో హైపోథలామస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని అదుపులో ఉంచుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఒంట్లో పుట్టే రసాయనాలు, గీజర్ మీట పైకి తిప్పినట్టు, ఆ హద్దును పెంచుతాయి. హద్దు 102కి మారింది, ఒళ్లు ఇంకా 99 దగ్గరే ఉంది. అందుకే చలేస్తుంది, పళ్లు కొట్టుకుంటాయి, చేతులు కాళ్లు చల్లబడతాయి. అప్పుడు చేయి పట్టుకుని "చల్లగానే ఉందే" అనుకోవడం పొరపాటు. పొట్ట మీద, మెడ వెనక చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. వణుకు ఆగిన అరగంటకు కొలవండి, అసలు అంకె అప్పుడు వస్తుంది. హద్దు మళ్లీ కిందికి దిగినప్పుడు చెమటలు పట్టి జ్వరం జారుతుంది. పారాసెటమాల్ ఆ హద్దును దించే మందు.

వడదెబ్బలో ఆ హద్దు మారదు. బయటి వేడి తట్టుకోలేక ఒళ్లు చేతులెత్తేస్తుంది. కాబట్టి పారాసెటమాల్ అక్కడ పనిచేయదు. మే నెల ఎండల్లో కల్లంలోనో, ఉపాధి పనిలోనో, టిన్ను రేకుల ఇంట్లోనో ఉన్న మనిషి ఒళ్లు 104 దాటి, మాట తడబడి, మతి తప్పుతుంటే మాత్ర కోసం వెతకొద్దు. 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి విసరండి. చంకల్లో, మెడకు, గజ్జల్లో ఐసు గుడ్డలు పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవద్దు, ఎండలో కష్టం చేస్తూ పడిపోయినవాళ్లకు చెమటతోనే రావచ్చు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ఎండకు బలయ్యారు.

ఆరో అడుగు: జ్వరమే అని తేలాక

100.4 కనిపించగానే మందు వేయాలన్న నియమం లేదు. జ్వరం ఇన్ఫెక్షన్‌తో ఒళ్లు చేసే పోరాటంలో భాగం. నొప్పులతో, చిరాకుతో మనిషి బాధపడుతుంటే ఉపశమనానికి పారాసెటమాల్ ఇవ్వండి. పిల్లలకు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా.

ఇక్కడ సీసా మీది అక్షరాలు చదవాలి. పది కిలోల పాపకు 150 మిల్లీగ్రాములు ఇవ్వాలనుకోండి. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 120 అని ఉంటే సుమారు 6 మిల్లీలీటర్లు. 250 అని ఉంటే 3 చాలు. చుక్కల మందు ఇంకా చిక్కన, చాలావాటిలో ఒక్క మిల్లీలీటరులోనే 100. "పోయినసారి ఆరు పోశాం కదా" అని 250 రాసి ఉన్న కొత్త సీసాలోంచి ఆరు పోస్తే రెట్టింపు మందు పడుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. కాలేయం జబ్బున్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు అంతకన్నా తక్కువే, ఎంతో డాక్టరే చెప్పాలి. పారాసెటమాల్ 650 మాత్రతో పాటు జలుబు మాత్ర కూడా వేసుకునేవాళ్లు దాని వెనక చదవండి, చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు. డెంగీ కాదని తేలేదాకా పెద్దవాళ్లు కూడా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టకూడదు, రక్తస్రావం ప్రమాదం.

లంఖణం పరమౌషధం అన్న మాట పట్టుకుని జ్వరమొచ్చిన పిల్లల్ని పస్తులు పెట్టడం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. ఆకలి లేకపోతే బలవంతం చేయొద్దు, కానీ గంజి, మజ్జిగ, ఇడ్లీ, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ అందుతూ ఉండాలి. చంటిపిల్లలకు తల్లిపాలు ఆపకూడదు. దుప్పట్లు కప్పి చెమట పట్టించడం, ఐసు నీళ్లతో తుడవడం, రెండూ వద్దు. చన్నీళ్లు పోస్తే ఒళ్లు వణికి వేడి ఇంకా పెరుగుతుంది. పలచని నూలు బట్ట, ఫ్యాను గాలి చాలు.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూడటానికి ఎంతో భయంగా ఉంటుంది, కానీ వీటిలో ఎక్కువ భాగం రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. చేతిలో తాళంచెవులు, నోట్లో చెంచా, ఉల్లిపాయ వాసన, ఏవీ వద్దు. అయిదు నిమిషాలు దాటితే 108. మొదటిసారి వస్తే ఆగిపోయినా ఆరోజే డాక్టరుకు చూపించాలి.

ఏడో అడుగు: రాస్తూ ఉండండి, ఈ గుర్తులు వస్తే బయల్దేరండి

నాలుగు గంటలకోసారి అంకె, వేళ, చోటు, ఇచ్చిన మందు రాయండి. రాత్రి నిద్రపోతున్న మనిషిని కొలవడం కోసం లేపొద్దు. ఈ కాగితంలో జ్వరం నడక కనిపిస్తుంది. విపరీతమైన వణుకు, ఆపై కాగడం, ఆపై చెమట, రోజు విడిచి రోజు ఇదే వరసైతే మలేరియా అనుమానించి రక్తపరీక్ష చేయించాలి. దోమ కడుపులో ఆ క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. పాడేరు, అరకు లాంటి ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్లొచ్చాక జ్వరమొస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మలేరియా మొదటి రోజుల్లో ఆ వరస కుదరకపోవచ్చు కూడా, అందుకే వరస కోసం ఎదురుచూస్తూ పరీక్ష ఆపొద్దు. రోజురోజుకూ కొంచెం కొంచెం ఎక్కుతూ, వారమైనా దిగని జ్వరం టైఫాయిడ్ కావచ్చు.

డెంగీలో తిరకాసు ఉంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. అంకె మామూలుకి వచ్చినా కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రి.

ఏ జ్వరంలోనైనా మెడ బిగుసుకుపోవడం, నొక్కినా పోని ఎర్రటి మచ్చలు, ఆయాసం, తికమక మాటలు, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, 104 దాటడం, వీటిలో ఒక్కటున్నా ఆగొద్దు. ఇవేవీ లేకపోయినా మూడు రోజులు దాటిన జ్వరాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు.

వెళ్లేటప్పుడు ఆ కాగితం, వాడిన మందుల చీటీలు లేదా సీసాలు తీసుకెళ్లండి. మాత్ర వేసిన గంటకు తీసిన అంకెకన్నా, వేయబోయే ముందు తీసిన అంకె డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది. రెండూ రాసి, పక్కన మాత్ర వేసిన వేళ కూడా వేయండి.